పసుపు కాలంలో ఉపవాసం

మేము పసుపు పూసుకోని వాళ్ళం. మా అత్త కమలవ్వ బాప్తిస్మం తీసుకున్ననాడే ముఖానికి పసుపూ నుదుట బొట్టూ మానేసింది. ఆ ఇంటికి కోడలినై వచ్చిన నాకూ అదే అలవాటైంది. అయినా శివరాత్రి దాటిందంటే ఆర్మూర్ మొత్తంలో మా వాడ ఆడవాళ్ళ కంటే పచ్చటి ఆడవాళ్ళు కనబడరు. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఎండబోయడం, డ్రమ్ములో వేసి తిప్పడం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. గోళ్ళు, కనురెప్పలు, చెవుల వెనక మడతలు, చీర కుచ్చిళ్ళు, చివరికి నోట్లో పెట్టుకునే అన్నం ముద్ద కూడా పచ్చనే.

"ఊర్ల ముత్తయిదువల పసుపంత మీ ఒక్క వాడకే పూసిండ్రు గదనే శాంతా!" అని కాశీరాం పటేలు తల్లి వెంకవ్వ నన్ను ఏటేటా ఎగతాళి చేసేది. నేనూ నవ్వేదాన్ని. ఎనభై ఏడులో మాత్రం ఆ మాటకు నవ్వే ఓపిక లేకపోయింది.

మా ఆయన రాజమల్లు మా వాడ చర్చికి ఉపదేశి. ఉపదేశి అంటే అయ్యగారు కాదు. అయ్యగారు నిజామాబాద్ నుంచి నెలకోసారి బస్సులో వచ్చి ప్రభు భోజనం ఇచ్చి వెళ్ళిపోయేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చదవాలన్నా, రోగి మంచం పక్కన మోకరించాలన్నా, చచ్చినవాళ్ళను సమాధి చేయాలన్నా మా ఆయనే. చర్చి పని దేవుని పని కనుక దానితో మా పొయ్యి మండదు. పొయ్యి మండడానికి ఇద్దరం కాశీరాం పటేలు కల్లంలో కూలికి పోయేవాళ్ళం. ఒక్కగానొక్క బిడ్డ డిచ్‌పల్లి దగ్గర హాస్టల్లో చదువుకునేది.

ఆ ఏడు శ్రమకాలం మార్చిలో మొదలైంది. ఈస్టరు పండుగ ముందరి నలభై రోజులూ సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం. పొద్దంతా ఉడుకుతున్న కడాయిల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళం కనుక పాట అయ్యేలోపే సగం మంది గోడలకు ఒరిగి కునుకు తీసేవాళ్ళు. ప్రార్థన చేసే మనిషి మాత్రం కునకడానికి లేదు కదా. పాపం, మా ఆయన నిలబడే కునికేవాడని నాకు అనుమానం.

సంఘం పెద్ద నర్సింలు మామకు ఆ అనుమానం లేదు. ఆయన బాప్తిస్మం పేరు సమాధానం, మా బైబిలు మాటల్లో శాంతి అని. ఆ పేరు పెట్టినవాళ్ళకు దేవుడు మేలు చేయాలి గానీ, ఆయన అడుగుపెట్టిన చోట ఆ ఒక్కటే ఉండేది కాదు. ఒకనాడు దారిలో మా ఆయనను ఆపి ఉన్నమాట మొఖానే అనేశాడు.

"ఉపదేశీ, నీ ప్రార్థన సప్పగయ్యింది. ఉప్పు లేని కూర లెక్కున్నది. లోపల ఏమన్న తక్కువైందా, సూస్కో."

మా ఆయన మాట పడి ఊరుకునే రకం. కానీ ముల్లు దిగితే పైకి కనబడదు గదా. శ్రమకాలం మొదటి వారం తిరగకముందే ఒకనాటి కూటంలో ప్రార్థనకు లేచి, మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. చాలాసేపు నిలబడ్డాడు. నిద్రపోయినవాళ్ళు కూడా లేచి చూడసాగారు. అప్పుడన్నాడు.

"పండుగ దాక పొద్దుగూకకముందు తిండి ముట్ట. నీళ్ళు గూడ ముట్ట. దేవుని ముందు జెప్తున్న, మీ అందరి ముందు జెప్తున్న."

అందరూ ఆమెన్ అన్నారు. నర్సింలు మామ అందరికంటే గట్టిగా అన్నాడు. నేను అనలేదు. పొద్దున్నే కడాయికి మంట పెట్టాల్సినవాడు నీళ్ళు కూడా ముట్టనంటే, ఆ ఆమెన్ నా గొంతులోంచి రాలేదు.

*

కాశీరాం పటేలుకు ఒక మర్యాద ఉంది. కొత్త కడాయికి మంట పెట్టే ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ ముక్కలు తన మనుషులకు పంచేవాడు. మేము తినమని తెలుసు కనుక మాకు మాత్రం వేరే ఆకులో బెల్లం ముక్కలు పెట్టించేవాడు. "మీ దేవునికి మా దేవునికి నడుమ నాకెందుకు పంచాయితీ" అనేవాడు. ఆ ఏడూ ఆకులో బెల్లం తెచ్చి తానే మా ఆయన ముందు పట్టాడు.

"ఉపాసం ఉన్న పటేలా" అన్నాడు మా ఆయన.

"బెల్లం ముక్క గూడ వద్దన్నడా మీ దేవుడు?"

"ఆయన వద్దనలే. నేనే అన్న."

పటేలు ఆ బెల్లం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను కొంగున కట్టుకున్నాను, పొద్దుగూకాక ఇద్దామని. సాయంత్రానికి అది ఆవిరికి కరిగి కొంగుకే అంటుకుపోయింది.

మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పారు. మా ఆయన కొంచెం దూరంగా, పసుపాకు కుప్ప నీడన పడుకున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసుకునే మాట్లాడాడు.

"శాంతా, ఒక్కటి జెప్త. ఎవలకు జెప్పకు."

"జెప్పు."

"ప్రార్థన అస్తలేదు. నోరు కదుల్తది, లోపల ఏం లేదు. ఎండిన బాయిల బొక్కెన ఏసినట్టే. ఏమన్న అడుగుదామంటే ఏమడగాల్నో యాదికొస్తలేదు."

"అలసిపోయినవు. గంతే. జర తిని పండు, అదే అస్తది."

"అలసిపోతే దేవుడు దూరమైతడా? ఉపాసం ఉంటెనన్న దగ్గరికి అస్తడేమో."

ఆ మాటకు ఏదైనా జవాబు ఉండే ఉంటుంది. అయ్యగారిని అడిగితే చెప్పేవారేమో. కానీ నేనూ తెల్లారకముందు లేచిన మనిషినే. అరచేతులు ఆవిరికి ఉడికిపోయి ఉన్నాయి. "నీ ఇష్టం" అని లేచి వచ్చాను. నిజానికి నాకు కోపంగా ఉంది. మనిషి మీదనో దేవుని మీదనో తేల్చుకునే తీరిక దొరకలేదు.

*

ఉడకబెట్టడం అయిపోయి డ్రమ్ముల పని మొదలయ్యేసరికి ఏప్రిల్ ఎండ. ఎండిన కొమ్ములను చిల్లుల డ్రమ్ములో పోసి చేత్తో తిప్పుతుంటే పైతోలు రాలి పిండిలా లేస్తుంది. ఆ దుమ్ములో ఎదుటి మనిషి నీడలాగే కనబడతాడు. మా ఆయన డ్రమ్ము తిప్పలేకపోయాడు. రెండు చుట్లకే ఆయాసపడి పిడి వదిలేస్తే, "నువ్వు కూసొని కొమ్ములేరు రాజమల్లూ" అన్నాడు పటేలు. కూర్చుని ఏరడం ఆడవాళ్ళ పని. ఎవరూ నవ్వలేదు. కూర్చున్నచోటే ఒరిగిపోతున్నాడని పండుగకు పది రోజుల ముందు పటేలే ఇంటికి పంపేశాడు.

కల్లం మానినా కూటాలు మానలేదు. నా చేయి పట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఆయన ప్రార్థన మరీ చిన్నదైపోయింది. నిలబడేవాడు, కళ్ళు మూసుకునేవాడు, పెదవులు కదిలేవి, కూర్చునేవాడు. వింతేమిటంటే ఆ మౌనానికే జనం కరిగిపోయారు.

"మొఖం సూసిండ్రా ఎట్ల మెరుస్తుందో! బంగారం లెక్క" అన్నది ఒకామె.

"కొండ దిగొచ్చిన ప్రవక్త మొఖం గిట్లనే మెరిసిందంట" అన్నాడు నర్సింలు మామ. ప్రార్థన చప్పగా ఉందన్న నోరు అదే. "ఉపాసమంటే ఇది. మనమూ ఉంటున్నం, బుక్కెడు తక్కువ తిని."

మా అత్త ఆ మాటలన్నీ మూటగట్టుకుని ఇంటికి తెచ్చేది. కొడుకు దేవుని మనిషి అయ్యాడని ఆమె మురిపెం. పొద్దుగూకగానే వేడి వేడి అన్నం వండి ముందు పెట్టేది. ఆయన రెండు మెతుకులు నోట్లో వేసుకుని పళ్ళెం జరిపేసేవాడు. పోపు వాసనకే లేచి బయటికి పోయి వాంతి చేసుకునేవాడు.

"పొద్దంత పస్తున్న కడుపు, తట్టుకుంటలేదు" అనేది అత్త.

"పొద్దుగూకినంక తినొద్దని ఎవలకు మొక్కినవు? గది గూడ దేవునికే జెప్పినవా?" అని నేను ఒకనాడు అరిచాను. ఆయన నా వైపు చూసి, చెప్పుకోలేని మనిషిలా తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. గిన్నెలు తోముతూ ఏడ్చాను, గిన్నెల చప్పుడులో వినబడదు కదా.

ఇప్పుడు ఎవరైనా అడుగుతారు, ఒకింట్లో ఉండి కనబడలేదా అని. ఏమని చెప్పను? కల్లం మానిన మనిషి వారానికి కూడా పచ్చగా ఉంటే మా దగ్గర ఎవరూ ఆశ్చర్యపోరు. పసుపు ఒంట్లో నుంచి దిగడానికి ఉగాది పోయి ఎండాకాలం ముదరాలని మా లెక్క. పొగకూ దుమ్ముకూ మా అందరి కళ్ళూ పుసులు కట్టే ఉండేవి. ఆయన కళ్ళయితే ఎప్పుడూ మూసే ఉండేవి. ప్రార్థన చేస్తున్నాడని అనుకున్నాం.

*

గుడ్ ఫ్రైడే ముందరి గురువారం మా చర్చిలో కాళ్ళు కడిగే వాడుక ఉంది. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు ఉపదేశి అందరి కాళ్ళూ కడుగుతాడు. అన్ని చోట్లా నాలుగు చుక్కల నీళ్ళు పోసి తుడిచేస్తారట. మా దగ్గర అలా కుదరదు. పసుపు కాళ్ళతో తెల్ల గుడ్డ పరిచిన చోట మోకరిస్తే గుడ్డంతా పచ్చబడుతుంది. ఒక ఏడు పండుగకు వచ్చిన అయ్యగారు ఆ గుడ్డ చూసి విసుక్కున్నారు కూడా. అప్పటినుంచి మా అత్త బట్టల సబ్బు ముక్క తెచ్చి పళ్ళెం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే ఎవరికైనా తెలుసు. ఒక్కొక్కరి కాళ్ళు కడుగుతుంటే పళ్ళెంలో నీళ్ళు ఇటుక రంగుకు తిరిగేవి. తరువాత ఇంకా ఎర్రగా. మరునాడు సిలువ దినం కదా, ఆ ఎర్ర నీళ్ళు చూసి ముసలివాళ్ళు ఏటేటా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అయ్యగారికి ఇది తెలియదు. ఆయన ఏ గురువారమూ రాలేదు.

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉంది. పడమటి తలుపులోంచి వెలుగు నేల మీద పడుతోంది. మా ఆయన మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కరి కాళ్ళూ కడిగాడు. మధ్యలో రెండుసార్లు నేల మీద చేయి ఆన్చి ఆగాడు. నర్సింలు మామ కాళ్ళు కడుగుతుంటే మామ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పళ్ళెం పారబోసి కొత్త నీళ్ళు తెస్తూనే ఉన్నాను.

చివర ఉపదేశి కాళ్ళు ఆయన భార్య కడగాలి. ఆయనను బల్ల మీద కూర్చోబెట్టి, కొత్త నీళ్ళు పోసి, సబ్బు రుద్దాను. నురగ వచ్చింది. నీళ్ళు పోశాను. నురగ తెల్లగానే జారిపోయింది.

సబ్బు చాలలేదేమో అనుకుని ఇంకోసారి రుద్దాను. మడమ దగ్గర, చీలమండ మీద, పిక్క దాకా. మళ్ళీ నీళ్ళు పోశాను. పళ్ళెంలో నీళ్ళు నా ముఖం కనబడేంత తేటగా ఉన్నాయి. పాదం మాత్రం పచ్చగా ఉంది.

పాట పాడుతున్న మా అత్త నా చేతులు ఆగడం చూసింది.

"ఏందే?"

"అత్తా, ఎర్రబడతలేదు."

ఆమె పాట ఆపేసి వచ్చి వంగి చూసింది. వేలితో పాదం నొక్కి వదిలింది. పాడేవాళ్ళు ఒక్కరొక్కరే ఆగిపోయారు. నేను లేచి ఆయన గడ్డం పట్టుకుని ముఖం తలుపు వైపు తిప్పాను.

"కండ్లు తెరువు" అన్నాను.

తెరిచాడు. ఆ వెలుగులో చూశాను, కనుగుడ్లూ పచ్చనే. ఒకరి వెనక ఒకరు వచ్చి అందరూ చూశారు. బంగారం లెక్క మెరుస్తోందన్న ఆమె కూడా చూసింది. నేను తువ్వాలుతో ఆయన కాళ్ళు తుడిచి, చెప్పులు తొడిగాను.

*

మరునాడు పొద్దున్నే కాశీరాం పటేలు ట్రాక్టరు మా ఇంటి ముందు ఆగింది. మార్కెట్‌కు పోయే పసుపు సంచుల మీద దుప్పటి పరిచి ఆయనను పడుకోబెడుతుంటే నర్సింలు మామ వచ్చాడు.

"ఇయ్యాల గుడ్ ఫ్రైడే. ఎల్లుండి పండుగ. రెండు రోజులకు ఏం గాదు బిడ్డా. దవాఖానకు పోతే మొదలు తినమంటరు. దేవుని ముందు ఇచ్చిన మాట ఏం గావాలె? నమ్మినోళ్ళను దేవుడు సూస్కోడా?"

"మామా, నువ్వు రాత్రి తిన్నవా?" అన్నాను.

"ఆఁ?"

"అడుగుతున్న. తిన్నవా, లేదా?"

ఆయన పక్కకు జరిగాడు. మా అత్త అప్పటికే సంచుల మీదికి ఎక్కి కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది. "నడువు పటేలా" అన్నది. ఇన్ని రోజులు మురిసిన మనిషి, రాత్రంతా ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుని తెల్లవారాక అన్న మొదటి మాట అదే.

నిజామాబాద్ దవాఖానలో డాక్టరు రెప్పలు లాగి చూసి, కడుపు నొక్కి చూసి, "ఎన్ని దినాల నుంచి ఉన్నది?" అని అడిగాడు.

"ఎట్ల తెలుస్తది సారూ, మేమందరం గిట్లనే ఉంటం" అన్నాను.

ఆయన నా చేతులు చూశాడు, మా అత్త చేతులు చూశాడు. కామెర్లు బాగా ముదిరాయన్నాడు. సూది గుచ్చి సీసా ఎక్కించారు. దానితోనే అయిపోదు, నోటితో కూడా తాగాలి, గుక్కెడు గుక్కెడుగా పొద్దంతా తాగిస్తూ ఉండాలి, లోపలికి ఏమీ పోకపోతే మనిషి దక్కడం కష్టమని నాతో విడిగా చెప్పాడు.

నేను గ్లూకోజు నీళ్ళు కలుపుకొచ్చి గ్లాసు నోటి దగ్గర పెట్టాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"పొద్దుగూకనియ్యి."

"డాక్టర్ ఇప్పుడే తాగాలన్నడు."

"ఇచ్చిన మాట, శాంతా. ప్రార్థన ఎట్లాగూ లేదు. గా మాటొక్కటే ఉన్నది నా దగ్గర. గదిగూడ పోతే ఇంకేం మిగుల్తది?"

ఈ మనిషి మొండికి పోవడం లేదు. చేతిలో ఉన్న చివరిదాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. దాన్ని లాగేస్తే ఏమవుతాడోనని భయం వేసింది. లాగకపోతే ఏమవుతాడో డాక్టరు చెప్పనే చెప్పాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మా చర్చిలో ఈపాటికి సిలువ మాటల ఆరాధన మొదలై ఉంటుంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. ఐదో మాట ఏటేటా మా ఆయనదే. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు వేరేగా ఉండేది. పెళ్ళయిన ఏడు నేను మొదట విన్న ప్రసంగం అదే.

"ఇయ్యాల నీ వంతు ఏ మాట?" అని అడిగాను.

"తెల్వదా నీకు?"

"నీ నోటితోని జెప్పు."

"దాహం."

"ఎవలన్నరు?"

"ప్రభువు."

"ఎవలతోని అన్నడు? అమ్మతోనా, శిష్యులతోనా?"

ఆయన నా వైపు తిరిగాడు.

"మేకులు కొట్టినోళ్ళ ముందట అన్నడు. నువ్వే జెప్పినవు గదా ఏటేటా. లోకానికి నీళ్ళిచ్చినాయన నోరు తెరిచి దాహమైతుందన్నడు, సిగ్గుపడలే అని. ఆయనకు లేని సిగ్గు నీకెందుకయ్యా? నేను నీకు మేకులు కొట్టిన్నా? నీ పెండ్లాన్ని. నన్ను అడిగితే నీకేం తక్కువైతది?"

ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. అయినా నోరు తెరవలేదు. నాకు ఇంక మాటలు అయిపోయాయి. గ్లాసు పట్టుకునే మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. అలా కూర్చునే పైకి ప్రార్థన చేశాను. మా ఇంట్లో ప్రార్థన ఆయన పని. నేను అంతవరకూ నలుగురిలో నోరు విప్పి చేసినదాన్ని కాదు.

"అయ్యా, నాకు మంచి మాటలు రావు. ఈ మనిషి ఆకలి నీకెందుకు? నువ్వడగలే. ఈయనే ఇచ్చిండు. ఇచ్చింది వాపస్ ఇచ్చెయ్యి. నాకు ఈయన గావాలె. ఇంకేం అడగ. జల్ది విను, నేను మస్తు అలసిపోయిన."

ఆమెన్ అనడం కూడా మరిచిపోయాను. పక్క మంచం మీద సిరికొండ నుంచి వచ్చిన ముసలాయన ఎవరో, మెడలో తులసిపూసలు, మా వైపు తిరిగి, "వింటడు బిడ్డా, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

పైనుంచి, మంచం మీంచి, మా ఆయన గొంతు వచ్చింది.

"ఆమెన్."

తలెత్తి చూశాను. పగిలిన పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. లేచి గ్లాసు నోటికి అందించాను. ఒక గుక్క మింగాడు. మళ్ళీ ఒకటి. కిటికీలో ఎండ మండిపోతోంది. పొద్దుగూకడానికి ఇంకా చాలా ఉంది.

*

పండుగనాడు మేము దవాఖానలోనే ఉన్నాం. మధ్యాహ్నం నర్సింలు మామ భుజాన చెరుకు గడల కట్టతో వచ్చాడు. కట్టను మంచం కింద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మొన్న శుక్రారం ఆరాధన మంచిగైందా?" అని అడిగాడు మా ఆయన.

"అయ్యింది. నీ మాట గూడ నేనే జెప్దామని లేసిన. ఏం రాలే. ఉత్తగ నిలవడ్డ, నీ లెక్కనే." మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "జనమేమో ఆత్మ దిగిందనుకున్నరు."

మా ఆయన నవ్వాడు. నలభై రోజుల్లో ఆయన నవ్వడం నేను చూడలేదు. నవ్వితే పక్కటెముకలు నొప్పి పెట్టాయట, చేయి అడ్డం పెట్టుకున్నాడు. మామ మొక్కు మాట ఎత్తలేదు, అప్పుడే కాదు, ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత రెండు నెలలు పథ్యం. నూనె లేదు, పోపు లేదు. కామెర్ల మనిషికి పసుపు కూడా పెట్టొద్దని వాడ ముసలివాళ్ళు అన్నారు. నిజమో కాదో గానీ విన్నాం. ఆర్మూర్‌లో ఆ ఎండాకాలం తెల్ల కూర వండిన పొయ్యి మాదొక్కటే. ఆయన పెట్టింది తినేవాడు, వద్దంటే ఊరుకునేవాడు. కావాలని ఒక్కసారీ అడగలేదు. ఆదివారాల్లో వాక్యం నేను చదివాను. మొదట్లో గొంతు వణికింది. తరువాత వణకలేదు. ఆ పని ఇప్పటికీ నాదే.

వానలు పడి కొత్త పసుపు విత్తే రోజుల్లో, ఒక పొద్దున వాకిట్లో ముఖం కడుక్కుంటుంటే చూశాను. ఆయన కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ ఆదివారం చర్చికి వచ్చాడు. సాక్ష్యం చెబుతాడని, పెద్ద ప్రార్థన చేస్తాడని సంఘమంతా ఎదురుచూసింది. లేచి నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద కొయ్యకు వేసినట్టు వేలాడుతోంది.

"తండ్రీ, అలసిపోయినం. నీకు తెల్సు. ఆమెన్."

అంతే. ఇంకా ఏదో ఉంటుందని కాచుకున్న నర్సింలు మామ ఆమెన్ అందరి తరువాత వచ్చింది. ఇంటికి నడుస్తూ మా అత్త, "గింతేనా?" అని గొణిగింది. నాకూ ఇంకో రెండు మాటలు ఉంటే బాగుండేదనే ఉంది.

ఆ మధ్యాహ్నం మొదటిసారి కూరలో చిటికెడు పసుపు వేశాను. మెంతికూర పప్పు. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అన్నం పెట్టాను. తల వంచి ఒక్క క్షణం ఊరుకుని, కలుపుకుని తిన్నాడు. వాకిట్లో వాన మొదలైంది. ఆరవేసిన బట్టలు తీయడానికి నేను లేవబోతుంటే పళ్ళెం నా వైపు జరిపాడు.

"శాంతా, ఇంకింత పెట్టు."

బట్టలు తడిస్తే తడవనీ అని మళ్ళీ కూర్చుని వడ్డించాను.